అట్టముక్క మీద అంకె

మార్కర్ మూత తీసి పట్టుకుని
పావుగంటయింది.
"అమ్మబడును" అని రాయడం తేలికే.
దాని కింద అంకె దగ్గరే
చెయ్యి ఆగిపోయింది.
కొత్తగా మార్పించిన మోకాలు
పెడల్ నొక్కనంటోంది గానీ
లేకపోతే ఈ అట్టముక్కతో నాకు పనే లేదు.

అరవై ఏడు నాటి బండి.
మనిషి ఎక్కి కూర్చుని గడ్డి కోసేది.
మస్కటీన్ అవతల, పాడుబడ్డ కోళ్ల షెడ్డులో,
సీటు స్పాంజిలో ఎలుకలు పిల్లల్ని పెట్టి ఉండగా
నలభై డాలర్లకి తెచ్చాను.
చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నవాడు
ఏనుగుల్ని అమ్మాడేమో,
గడ్డికోత బండిని మాత్రం అమ్మలేదు.

సరే, లెక్క.
కార్బురేటర్ కిట్టు ముప్ఫై రెండు.
ముందు టైర్లు రెండూ కలిపి డెబ్భై ఎనిమిది.
బెల్టు రెండుసార్లు కొన్నాను, మొదటిది పొట్టిదయింది,
ఆ పాపం ఎవరి ఖాతాలో వెయ్యాలి?
పెయింటు. మళ్లీ పెయింటు.
మొదట వేసిన ఎరుపు
అసలు ఎరుపు కాదని
పొద్దుటి ఎండలో పెడితేగానీ తెలియలేదు.
అంతా గీకేశాను.
సీటు బోల్టు వాషర్ కింద
పావలా బిళ్లంత మేర
ఎండ తగలని రంగు దొరికింది.
ఆ వాషర్‌ని జేబులో వేసుకుని
మూడు ఊళ్ల పెయింటు షాపులు తిరిగాను.
గంటకింతని నా కూలి కడితే
ఈ బండి ధరకి చిన్న ఇల్లొస్తుంది.
కట్టకపోతే
ఆ రెండు చలికాలాలూ నేనెక్కడున్నట్టు?

పక్కింటి ఎల్డన్ వచ్చి
చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి
"మూడొందలు. అదీ కొనేవాడు తాగి ఉంటే" అన్నాడు.
నా చెల్లెలు వెర్లా ఫోన్లో
"పదిహేనొందలకి తగ్గావో, నీతో మాట్లాడను" అంది.
మాట్లాడకపోతే ఎంత మిగులుతుందో
అదీ లెక్క వేశాను.

కాకిపిల్ల కాకికి ముద్దు, నిజమే.
కానీ ఏ కాకీ
పిల్లని సంతకి తెచ్చి
మెడకి చీటీ కట్టాల్సి రాలేదు కదా.

పదకొండొందలు అని రాశాను.

శనివారం మొదట వచ్చినవాడు
కొత్త పికప్పులో వచ్చాడు.
సిడార్ ర్యాపిడ్స్‌లో కాఫీ హోటలుందట.
అంకె చూసి పర్సు తీశాడు.
స్టార్ట్ చెయ్యమనలేదు.
హుడ్ ఎత్తమనలేదు.
"గుమ్మం ముందు పెట్టి పూలకుండీలు సర్దుతా,
ఇంజన్ పీకేస్తే బరువు తగ్గుతుందా?"
కరకరలాడే పదకొండు నోట్లు
నా ముక్కు కింద.
ఎవరో "అమ్ముడుపోయింది" అన్నారు.
చూస్తే, నేనే.
కంచె అవతల ఎల్డన్
టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

మూడు దాటాక వచ్చింది
ఒడెట్ క్రౌస్. గోళ్లలో గ్రీజు.
అట్టముక్క వైపు చూడనే లేదు.
స్టార్ట్ చెయ్యమని, తల వంచి,
పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయా అన్నట్టు వింది.
"వేడెక్కాక దగ్గుతుంది కదూ?"
దగ్గుతుంది.
అది నేనెవరికీ చెప్పలేదు.
"రెండో గేరు జారుతుంది."
ఒక్కోసారి.
"ఎడమ ఫెండర్‌కి పుట్టీ పెట్టావు."
వేలితో కొట్టింది. మందంగా పలికింది.

తప్పుకో యాభై చొప్పున కోసింది.
ప్రతి యాభై దగ్గరా గింజుకున్నాను:
ఆ గేరు ఆ రోజుల్లో అన్నిటికీ జారేదని,
పుట్టీ అయితే అయింది, ఎంత నున్నగా ఉందో చూడమని.
గరాజ్ నీడ రోడ్డు దాటింది.
ఈ బండి గురించి ఇంతసేపు
ఇంకో మనిషితో మాట్లాడడం
ఇదే మొదటిసారి.

ఎనిమిదొందల డెబ్భై అయిదు దగ్గర
ఇద్దరం అలిసిపోయాం.

కొసరుగా
ఆ పొట్టి బెల్టు ఇచ్చాను.
"ఇది దీనికి పట్టదు" అంది.
తెలుసన్నాను.
తీసుకుంది.